కరెంటు ధర కట్టే లెక్క
(సంఘం శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను 'విద్యుత్ సంస్కరణలు' అనే అంశం మీద మాట్లాడమన్నారు. అంత పెద్ద పేరున్న అంశాన్ని మోయగల శక్తి నాకు లేదు. నేను ముప్పై మూడేళ్లు గుమాస్తాగిరీ చేసినవాడిని. అందులో చాలా ఏళ్లు కంటింజెంట్ బిల్లుల సీటు. ఆఫీసు కరెంటు బిల్లు వస్తే నోట్ పెట్టడం, బడ్జెట్ ఉందో లేదో చూడడం, ట్రెజరీకి పంపడం నా పని. ఆ బిల్లులోని అంకె ఎవరు కట్టారు, ఎలా కట్టారు అని ఎప్పుడూ అడిగే పని పడలేదు. రిటైరైన తరువాత వినియోగదారుల కోసం పెట్టిన ఒక శిక్షణ తరగతిలో రెండు రోజులు కూర్చున్నాను. ఏ వర్గం వినియోగదారుడికి కరెంటు అందించడానికి ఎంత ఖర్చవుతుంది, ఆ ఖర్చును ధరగా ఎలా మారుస్తారు అనేదే అక్కడ పాఠం. ఇంజనీర్ల విద్య అనుకుని భయపడుతూ వెళ్లాను. తీరా చూస్తే పద్దులు రాసే విద్య. మనందరికీ వచ్చిన విద్యే.

ముందు కొంచెం పాత సంగతి చెప్పాలి.

1959లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ బోర్డు ఏర్పడింది. 1948 నాటి విద్యుత్ సరఫరా చట్టం కింద నడిచింది. ఆ చట్టం 59వ సెక్షన్‌కు తరువాత చేసిన సవరణ ప్రకారం, ఖర్చులన్నీ పోగా స్థిరాస్తుల విలువ మీద నూటికి మూడు వంతులు మిగులు చూపించాలి. చాలా బోర్డులు దానిని ప్రభుత్వం ఇచ్చే సబ్సిడీ అంకెతోనే చూపించేవి. రేటు ఎంత పెంచాలో సెక్రటేరియట్‌లో నిర్ణయం. మరునాడు పేపర్లో వార్త. లెక్క అడిగే హక్కు మనకుందని ఎవరూ అనుకోలేదు.

1998లో రాష్ట్రంలో విద్యుత్ సంస్కరణల చట్టం వచ్చింది. 1999 ఫిబ్రవరి 1న బోర్డు ఉత్పత్తికి జెన్‌కో, రవాణాకు ట్రాన్స్‌కో అని రెండుగా చీలింది. అదే ఏడాది నియంత్రణ మండలి ఏర్పడింది. 2000 ఏప్రిల్ నుంచి నాలుగు పంపిణీ కంపెనీలు, అంటే ఇప్పుడు మనం డిస్కంలు అంటున్నవి. ఆ ఏడాది మే నెలలో కమిషన్ మొదటి ధరల ఉత్తర్వు ఇచ్చింది. తరువాత జరిగింది మీ అందరికీ గుర్తుంది. ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పులు, ప్రాణనష్టం. ఆ ఉద్యమం మంచిచెడ్డల మీద ఈ గదిలోనే రెండు పక్షాలున్నాయి, అందులోకి పోను. నేను చెప్పేది ఒక్కటే. బోర్డు రోజుల్లో బీరువాలో ఉన్న లెక్క ఆ ఏడాది నుంచి బజారులోకి వచ్చింది. డిస్కం తన ఖర్చు కాగితం మీద పెట్టాలి, ప్రకటన ఇవ్వాలి, అడిగినవాడికి జవాబు చెప్పాలి. 2003 కేంద్ర విద్యుత్ చట్టం 64వ సెక్షన్ దీనిని దేశమంతటా ఖాయం చేసింది. మనకు అందిన ఆ తాళంచెవిని వాడుకునేవాళ్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది.

ఇక అసలు లెక్క.

మొదట డిస్కం వచ్చే ఏడాదికి తనకు మొత్తం ఎంత డబ్బు కావాలో చెబుతుంది. దానిని వార్షిక ఆదాయ అవసరం అంటారు. అందులో సింహభాగం కరెంటు కొనుగోలు ఖర్చు. తరువాత రవాణా చార్జీలు, డిస్కం సొంత జీతాలు, మరమ్మతులు, అప్పుల మీద వడ్డీ, తరుగుదల. ఇది మన బడ్జెట్ ఎస్టిమేట్ లాంటిదే. ఎస్టిమేట్ ఎలా పెంచి రాస్తారో మనకు వేరే చెప్పాలా? కాబట్టి దానిని చూడడం మనకు కొత్త కాదు.

ఆ మొత్తాన్ని ఎవరి నెత్తిన ఎంత వేయాలి అన్నది రెండో ప్రశ్న. దీనికి చేసేదే సరఫరా వ్యయ అధ్యయనం. శిక్షణలో దీనిని మూడు మెట్లుగా చెప్పారు. నేను పెళ్లి భోజనాలతో చెబుతాను, మా ఆవిడకు అలా చెబితేనే అర్థమైంది.

పెళ్లికి వంటల కాంట్రాక్టు ఇచ్చారనుకోండి. ఖర్చు మూడు రకాలుగా ఉంటుంది. షామియానా, బల్లలు, గుండిగలు, వడ్డించేవాళ్లు ఒక రకం. ఇవి మొత్తం ఎంతమంది తిన్నారన్నదాన్ని బట్టి ఉండవు. ఒక్క బంతికి ఎంతమంది కూర్చుంటారన్నదాన్ని బట్టి ఉంటాయి. ఆరువందల మంది ఒకేసారి కూర్చుంటామంటే ఆరువందల బల్లలు కావాలి. మూడు బంతులుగా వస్తే రెండువందలు చాలు. రెండో రకం బియ్యం, కూర, నెయ్యి. ఇవి విస్తళ్ల లెక్కన పెరుగుతాయి. మూడోది శుభలేఖలు, పంచినవాడి బస్సు చార్జీ. ఇవి ఇంటి లెక్కన. ఆ ఇంటినుంచి ఒకరు వచ్చినా పదిమంది వచ్చినా శుభలేఖ ఒకటే.

కరెంటులోనూ అంతే. బల్లల ఖర్చును డిమాండ్ ఖర్చు అంటారు: విద్యుత్ కేంద్రాల స్థిర చార్జీలు, లైన్లు, సబ్‌స్టేషన్లు, ట్రాన్స్‌ఫార్మర్లు. బియ్యం ఖర్చు ఎనర్జీ ఖర్చు: బొగ్గు, గ్యాసు. శుభలేఖ ఖర్చు వినియోగదారు ఖర్చు: మీటరు, రీడింగు, బిల్లు. మొదటి మెట్టులో మొత్తం ఖర్చును ఉత్పత్తి, రవాణా, పంపిణీ అని విడదీస్తారు. రెండో మెట్టులో ఒక్కొక్కదానినీ నేను చెప్పిన మూడు రకాలుగా వర్గీకరిస్తారు. మూడో మెట్టులో ఇళ్లు, దుకాణాలు, పరిశ్రమలు, వ్యవసాయం అనే వర్గాలకు పంచుతారు.

ఈ భేదం నిన్న మొన్న కనిపెట్టింది కాదు. 1892లోనే ఇంగ్లండులో జాన్ హాప్కిన్సన్ అనే ఇంజనీరు విద్యుత్ సరఫరా ఖర్చు మీద చేసిన ప్రసంగంలో చెప్పాడు. మీరు దీపం వేసినా వేయకపోయినా, వేస్తే వెలగడానికి సిద్ధంగా ఉండే ఖర్చు ఒకటుంటుందని, దానిని వేరుగా వసూలు చేయాలని ఆయన వాదన. మన బిల్లులో కిలోవాట్‌కు ఇంత అని పడే ఫిక్స్‌డ్ చార్జీ ఆ వాదనకు ముని మనవడు.

గొడవంతా మూడో మెట్టులోనే. ఒక చిన్న ఊహాలెక్క చేద్దాం, దయచేసి కాగితం తీయండి.

ఒక సబ్‌స్టేషన్ ఉంది. ఇళ్లు, దుకాణాలు, పంపుసెట్లు, ఈ మూడే దాని మీద ఉన్నాయి. సాయంత్రం ఏడు గంటలకు లోడు అన్నిటికంటే ఎక్కువ, 200 కిలోవాట్లు. ఆ సమయంలో ఇళ్లు 120, దుకాణాలు 60, పంపులు 20. కాని ఎవరి సొంత గరిష్ఠం వారిది. ఇళ్లది సాయంత్రం ఆ 120యే. దుకాణాలది మధ్యాహ్నం 80. పంపులది అర్ధరాత్రి 100. స్థిరమైన ఖర్చు నెలకు మూడు లక్షలు. ఎలా పంచుతారు?

ఒక పద్ధతి: సబ్‌స్టేషన్‌కు గరిష్ఠ లోడు పడిన సమయంలో ఎవరు ఎంత వాడారో చూడడం. అప్పుడు ఇళ్లకు 1,80,000, దుకాణాలకు 90,000, పంపులకు 30,000. రెండో పద్ధతి: ఎవరి సొంత గరిష్ఠం ఎంతో చూసి పంచడం. 120, 80, 100 కలిపితే 300. అప్పుడు ఇళ్లకు 1,20,000, దుకాణాలకు 80,000, పంపులకు లక్ష. చూశారా? ఒక్క యూనిట్ మారలేదు, ఒక్క తీగె మారలేదు. పంచే సూత్రం మారింది. రైతు వంతు ముప్పై వేల నుంచి లక్ష అయింది, ఇంటివాడి వంతు అరవై వేలు తగ్గింది.

అందుకే 'రైతుకు యూనిట్ అందించడానికి ఇంత ఖర్చు' అని ఎవరైనా ఒక అంకె చెప్పగానే నమ్మకండి. ఏ పద్ధతి అని అడగండి. రాత్రి మిగిలిన కరెంటును విడతలవారీగా ఇచ్చిన రోజుల్లో రైతు చివరి బంతికి కూర్చున్నవాడు. బల్లలు అతనికోసం వేసినవి కావు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి ఇరవై నాలుగు గంటలు ఇస్తున్నారు. ఆంధ్రలో పగటిపూట తొమ్మిది గంటలు అన్నారు. రైతు మొదటి బంతికి వచ్చి కూర్చుంటే పాత లెక్క చెల్లదు. అయితే ఇప్పుడు పగలు సోలార్ కరెంటు వస్తోంది గనుక మళ్లీ లెక్క ఇంకోలా తిరుగుతుంది. ఏటా కొత్తగా కొలవవలసిన విషయం ఇది. పాత శాతాలనే కాపీ కొట్టి పంపితే, పాత ఫైలు మీద తేదీ మార్చి పంపినట్టే.

దారిలో పోయే కరెంటు సంగతి కూడా చెప్పాలి. మీ మీటరుకు 100 యూనిట్లు చేరాలంటే, మధ్యలో నూటికి పది పోతాయనుకుంటే, డిస్కం 111 యూనిట్లు కొనాలి. పెద్ద ఫ్యాక్టరీ 132 కిలోవోల్టుల లైను మీదే తీసుకుంటుంది. దానికి చిన్న లైన్లు, వీధి ట్రాన్స్‌ఫార్మర్లు అక్కరలేదు, ఆ నష్టాలూ లేవు. మన ఇంటికి అన్ని మెట్లూ దిగి రావాలి. తెలంగాణ 2022-23 ధరల ఉత్తర్వులో మామూలు పరిశ్రమలకు 11 కిలోవోల్టుల మీద యూనిట్ 7 రూపాయల 65 పైసలు, 33 మీద 7.15, 132 మీద 6.65 అని పెట్టడానికి కారణం అదే. 'పెద్దవాళ్లకు చవక, మనకు ప్రియం' అని ఆవేశపడేముందు ఇది తెలుసుకోవాలి. తెలుసుకున్నాక ఆవేశపడవలసిన చోట్లు వేరే ఉన్నాయి.

వాటిలో మొదటిది వ్యవసాయ వినియోగం అంచనా. 1980లలో మీటరు తీసివేసి హార్స్‌పవర్‌కు ఏడాదికి 50 రూపాయలు అన్నారు. 2004 మేలో ఉచితం చేశారు. డబ్బు వసూలు కాకపోవడం ఒక సంగతి. మీటరు లేకపోవడం ఇంకో సంగతి. రెండింటినీ కలిపేసి మాట్లాడడం మనకు అలవాటైంది. ఉచితంగా ఇవ్వవచ్చు, కాని ఎంత ఇచ్చామో తెలియాలి కదా? రేషన్ షాపులో బియ్యం ఉచితమైనా తూకం వేస్తారు. తూకం లేని చోట ఏమవుతుందంటే, డిస్కం కొన్న యూనిట్లలోంచి మీటర్ల మీద అమ్మినవి తీసివేస్తే ఒక మిగులు ఉంటుంది. అందులో కొంత రైతు వాడినది, కొంత దారిలో పోయినది, కొంత దొంగతనం. రైతు వాటా ఎక్కువని రాస్తే నష్టం తక్కువగా కనిపిస్తుంది. ప్రభుత్వం దగ్గర సబ్సిడీ ఎక్కువ అడగవచ్చు. తక్కువని రాస్తే కంపెనీ అసమర్థత బయటపడుతుంది. ఇది చూసే కమిషన్, కొన్ని వ్యవసాయ ట్రాన్స్‌ఫార్మర్లకు మీటర్లు పెట్టి, వాటిని శాంపిల్‌గా తీసుకుని లెక్క కట్టాలని, దానికి ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ చెప్పిన పద్ధతి పాటించాలని పెట్టింది. కాబట్టి విచారణలో అడగవలసిన ప్రశ్న సూటిగా ఉంటుంది: ఎన్ని ట్రాన్స్‌ఫార్మర్ల రీడింగు ఈ ఏడాది నిజంగా తీశారు, ఎన్ని మీటర్లు చెడిపోయి ఉన్నాయి?

మనలో కొందరు మిత్రులు టీ తాగేటప్పుడు 'మన బిల్లుతోనే రైతుకు ఉచితం ఇస్తున్నారు' అంటారు. నేను అంగీకరించను. చట్టంలో రెండు వేరువేరు దారులున్నాయి. ఒకటి క్రాస్ సబ్సిడీ: దుకాణం దగ్గర, పరిశ్రమ దగ్గర ఖర్చు కంటే ఎక్కువ తీసుకుని, తక్కువ కట్టేవాడికి సర్దడం. 2006 జాతీయ టారిఫ్ విధానం దీనిని సగటు ఖర్చుకు ఇటు ఇరవై, అటు ఇరవై శాతం లోపలికి తేవాలంది. సగటు 7 రూపాయలైతే ఏ వర్గం రేటూ 5.60కి తగ్గకూడదు, 8.40కి మించకూడదు అన్నమాట. ఇది లక్ష్యం, చాలాచోట్ల పూర్తిగా జరగలేదు. రెండోది ప్రభుత్వ సబ్సిడీ. 65వ సెక్షన్ ప్రకారం ఏ వర్గానికైనా కమిషన్ నిర్ణయించిన ధర కంటే తగ్గించి ఇవ్వాలంటే ప్రభుత్వం ఆ డబ్బు ముందుగా కట్టాలి. ముందుగా అన్న మాట గీత గీసి పెట్టుకోండి. ఉచితం ఇవ్వడం ప్రభుత్వ విధానం. ఆ విధానానికి ఓటు వేసినవాళ్లలో మనమూ ఉన్నాం, మనలో సగం మంది వ్యవసాయదారుల బిడ్డలం. డబ్బు వేళకు కట్టకపోవడం మాత్రం విధానం కాదు, ఎగవేత. అప్పుడు డిస్కం అప్పు తెస్తుంది, ఆ వడ్డీ తిరిగి మన వార్షిక ఆదాయ అవసరంలో కూర్చుంటుంది.

ఆ మాటకొస్తే ప్రభుత్వాఫీసుల బకాయిలు కూడా. ఇది నేను లోపలినుంచి చూసిన సంగతి. నేను పనిచేసిన ఆఫీసులో కరెంటు పద్దుకు ఏటా ఇచ్చే బడ్జెట్ ఎనిమిది నెలలకు అయిపోయేది. డిసెంబరు నుంచి బిల్లులన్నీ ఒక టాగ్‌కు గుచ్చి ఏప్రిల్ దాకా బీరువాలో ఉంచేవాళ్లం. లైన్‌మన్ వచ్చి నెమ్మదిగా అడిగి వెళ్లేవాడు. ఒక ప్రైవేటు ఇంటికి పదిహేను రోజులు ఆలస్యమైతే ఫ్యూజు పీకేవాడే, మా దగ్గర టీ తాగి వెళ్లేవాడు. మా ఆఫీసుది చిన్న బిల్లు. ఎత్తిపోతల పథకాలు, మంచినీటి పథకాలు, పంచాయతీల వీధిదీపాలు కలిపితే ఎంతవుతుందో డిస్కంల సొంత పిటిషన్లలోనే ఉంటుంది, చూడండి.

ఇక ధరల రూపకల్పనకు వస్తాను. ఖర్చు ఎంతో తేలాక దానిని ఏ రూపంలో వసూలు చేయాలి అన్నది వేరే విద్య. అమెరికాలో జేమ్స్ బాన్‌బ్రైట్ అనే ఆచార్యుడు 1961లో ప్రజోపయోగ సంస్థల ధరల మీద రాసిన పుస్తకాన్ని ఇప్పటికీ శిక్షణల్లో చెబుతారు. ధర సులభంగా అర్థం కావాలి, కంపెనీకి కావలసిన రాబడి రావాలి, న్యాయంగా ఉండాలి, వృథాను ప్రోత్సహించకూడదు, ఏటా ఎగిరి దూకకూడదు. ఇవన్నీ ఒకేసారి కుదరవు. ఒకటి లాగితే ఇంకొకటి జారుతుంది.

మన బిల్లు ఎక్కడ జారిందో చూపిస్తాను. తెలంగాణ 2022-23 ఉత్తర్వు రేట్లు తీసుకుందాం. ఇంటి వినియోగం వంద యూనిట్ల లోపుంటే మొదటి 50కి 1.95, తరువాతి 50కి 3.10. వంద దాటితే ఇంకో గ్రూపు: మొదటి వందకు 3.40, ఆపైన రెండువందల దాకా 4.80. రెండువందలు దాటితే మళ్లీ ఇంకో గ్రూపు: మొదటి రెండువందలకూ 5.10, ఆపైన 300 దాకా 7.70. ఇప్పుడు లెక్క వేయండి, ఎనర్జీ చార్జీ ఒక్కటే. వంద యూనిట్లకు 252 రూపాయల 50 పైసలు. నూటొక్క యూనిట్లకు 344.80. ఆ ఒక్క యూనిట్ ఖరీదు 92 రూపాయల 30 పైసలు. రెండువందలకు 820. రెండువందల ఒకటికి 1027.70. ఆ యూనిట్ ఖరీదు 207 రూపాయల 70 పైసలు.

ఆంధ్రప్రదేశ్‌లో కూడా ఇలాంటి గ్రూపులే ఉండేవి. అక్కడి కమిషన్ అదే 2022-23లో గ్రూపులు తీసివేసి అందరికీ ఒకే మెట్ల వరుస పెట్టింది: 30 దాకా 1.90, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6 రూపాయలు, అలా. రేట్లు బాగా పెంచారు, అది వేరే సంగతి. కాని అక్కడ వంద యూనిట్లకు 304.50 అయితే నూటొకటికి 309. తేడా నాలుగున్నర రూపాయలే. రెండువందలకు 867, రెండువందల ఒకటికి 873. మెట్లు దిగడానికి, గోడ దూకడానికి తేడా ఇదే.

గోడ ఎందుకు కట్టారు? తక్కువ వాడేవాడు పేదవాడు, అతనికి చవక ఇవ్వాలి, ఎక్కువ వాడేవాడికి ఆ చవక మెట్టు లాభం అందకూడదు అని. ఉద్దేశం మంచిదే. కాని యూనిట్లను చూసి పేదరికం కొలిచే తక్కెడ సరైనది కాదు. కొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలతో ఒకే మీటరు మీద ఉన్న చిన్నజీతగాడు రెండువందలు దాటుతాడు. ఊళ్లో నాలుగిళ్లుండి, ఒక్కో ఇంట్లో ఒక బల్బు వెలిగించేవాడు యాభై దాటడు. మన సభ్యుల్లో ఎక్కువమంది ముసలి దంపతులు. ఎండాకాలంలో కూలరు, రాత్రి ఆక్సిజన్ మిషన్ పెట్టుకునేవాళ్లు ఇద్దరు ముగ్గురున్నారు. వాళ్లకు నెలకు పది యూనిట్లు అటో ఇటో అయితే రెండువందలు తేడా వస్తోంది. 2024 నుంచి గృహజ్యోతి కింద రెండువందల దాకా సున్నా బిల్లు ఇస్తున్నారు, ఆహారభద్రత కార్డు ఉన్నవాళ్లకు. వాళ్లకైతే గోడ ఇంకా ఎత్తు. రెండువందల ఒకటో యూనిట్‌తో బిల్లు మొత్తం మీద పడుతుంది. మే నెల 28 నుంచి మీటరు వంక చూస్తూ ఫ్యాన్ కట్టేసుకుని కూర్చున్న ఇళ్లు నేనెరుగుదును. నా అభిప్రాయంలో మనం విచారణకు పట్టుకెళ్లవలసిన మొదటి అభ్యంతరం ఇదే. రేటు తగ్గించమని కాదు, గోడ తీసి మెట్లు కట్టమని.

ఇంకో చిన్న సలహా. రీడింగు తీసే తేదీ చూసుకోండి. బిల్లు మీద ఎన్ని రోజులకో ఉంటుంది. ముప్పై రోజులు దాటితే, స్లాబును ఆ రోజులకు తగ్గట్టు సర్దారా అని అడగండి.

ఫిక్స్‌డ్ చార్జీ విషయం రెండు మాటల్లో ముగిస్తాను. ఆరు నెలలు పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లి వచ్చినవాళ్లు 'తాళం వేసిన ఇంటికి చార్జీ ఏమిటి' అని కోప్పడతారు. శుభలేఖ, బల్ల గుర్తు చేసుకోండి, కొంత న్యాయమే. ఎంత అన్నదే ప్రశ్న. తెలంగాణ డిస్కంలు 2024లో, మూడువందల యూనిట్లు దాటిన ఇళ్లకు కిలోవాట్‌కు నెలకు 10 రూపాయల చార్జీని 50 చేయమని అడిగాయి. విచారణ జరిగింది, అభ్యంతరాలు వచ్చాయి. ఎనిమిదివందలు దాటినవారికి మాత్రమే కమిషన్ ఒప్పుకుంది. కాగితం రాస్తే ఏమవుతుందని అడిగేవాళ్లకు ఇది నా జవాబు.

ఇంటి మీద సోలార్ పెట్టించుకున్న మిత్రులు కూడా వినాలి. 2024 ఫిబ్రవరిలో మొదలైన సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్లకు 78,000 దాకా సబ్సిడీ ఇస్తున్నారు. పెట్టుకోండి, మంచిదే. అయితే పగలు కరెంటు గ్రిడ్‌కిచ్చి రాత్రి తీసుకునేవాడికి కూడా బల్ల కావాలి. ఆ బల్ల ఖర్చు ఎవరిది అన్న చర్చ ముందుంది. కేంద్రం 2023 జూన్‌లో నిబంధనలు సవరించి, సోలార్ వేళల్లో చవక, సాయంత్రం ప్రియం అనే వేళల ధరను స్మార్ట్ మీటర్లు వచ్చిన కొద్దీ ఇళ్లకు కూడా తేవాలంది. నీళ్ల మోటారు పగలు వేసుకోవచ్చు. కాని దీపం, ఫ్యాన్, వంట, టీవీ పగటికి మార్చుకోమని ఎవరు చెప్పగలరు? మనలాంటి ఇళ్లకు ఇది లాభమా నష్టమా అన్నది మన సొంత వాడకం రాసి చూసుకుంటే తప్ప తెలియదు.

చివరగా పని ఎలా చేయాలో చెబుతాను. నియమం ప్రకారం డిస్కంలు వచ్చే ఏడాది పిటిషన్‌ను నవంబరు నెలాఖరులోగా కమిషన్‌కు ఇవ్వాలి. ఆలస్యం చేస్తూనే ఉంటారు. తెలంగాణలో 2018 ఉత్తర్వు తరువాత మళ్లీ 2022లోనే ఉత్తర్వు వచ్చింది. పిటిషన్ తీసుకున్నాక పేపర్లలో ప్రకటన ఇస్తారు, అభ్యంతరాలకు గడువు పెడతారు. పిటిషన్ ప్రతి డిస్కం ఆఫీసుల్లో చూడవచ్చు, కమిషన్ వెబ్‌సైట్‌లోనూ ఉంటుంది. అభ్యంతరానికి రుసుం లేదు, వకీలు అక్కరలేదు. తెల్లకాగితం మీద పేరు, చిరునామా, అభ్యంతరం ఏమిటి, డిస్కంకు ప్రతి పంపినట్టు రుజువు, స్వయంగా వచ్చి మాట్లాడదలచారా లేదా, ఇంతే. తెలుగులో రాయవచ్చు. డిస్కం రాతపూర్వకంగా జవాబివ్వాలి. ఆ జవాబులో 'పరిశీలిస్తాం' అని ఉంటే అది జవాబు కాదని మనకంటే బాగా ఎవరికి తెలుసు? అలాంటి జవాబులు మనమే ఎన్నో రాశాం.

విచారణలో మైకు ముందు ఎక్కువ సమయం దొరకదు. రాజకీయాలు మాట్లాడితే ఆ సమయం పోతుంది. ఒక్క అంకె పట్టుకోండి, పేజీ నంబరు చెప్పండి, ప్రశ్న అడిగి కూర్చోండి. నేను ఒకసారి మాట్లాడాను. వ్యవసాయ శాంపిల్ మీటర్ల పట్టికలో కూడిక సరిపోలేదని చూపించాను. పెద్దగా ఏమీ జరగలేదు, కాని మరుసటి నెల సవరించిన పట్టిక రిజిస్టర్డ్ పోస్టులో మా ఇంటికి వచ్చింది.

కోశాధికారిగారి దగ్గర అభ్యంతరపు నమూనా కాపీలు యాభై ఉన్నాయి. వచ్చే నెల సమావేశానికి ప్రతి ఒక్కరూ గత పన్నెండు నెలల బిల్లులు పట్టుకురండి. బిల్లులు పోయినవాళ్లు సర్వీసు నంబరు రాసుకువస్తే చాలు, కంప్యూటర్ తెలిసిన మనవడెవరినైనా పట్టుకుని తీయిద్దాం. రెండువందల గోడ దగ్గర ఎంతమంది ఎన్ని నెలలు చిక్కుకున్నారో ఒక పట్టిక వేయాలి. ఆ పట్టిక జతచేసే అభ్యంతరం పెడదాం. పట్టిక గీసే పని నాది.